కాగితపు స్తంభములు

మా పెదపాడు వైపు ఇండ్లలో పూర్వము వేసవి వచ్చినదనగానే ఒక పని తప్పక ఉండెడిది. చినిగిన పుస్తకములను, పాత పత్రికలను తొట్టిలో నానవైచి, నానిన మెంతులు చేర్చి, రోటిలో మెత్తగా రుబ్బి, ఆ గుజ్జును కొత్త చేటలకు, గంపలకు దట్టముగా పట్టించి ఎండలో ఆరబెట్టెడివారు. ఆరిన పిమ్మట ఆ చేట నుండి నూకగింజ యైనను జారెడిది కాదు. కుండను బోరగించి దాని మీద ఈ గుజ్జునే మెత్తి, ఆరిన తరువాత ఊడదీసి, బుట్టలు చేసిన అవ్వలను నేను చూచి యున్నాను. కాగితమనగా చిటికెలో చిరుగునది, చినుకు తగిలిన కరగునది అని లోకమున వాడుక. ఆ అవ్వలు మాత్రము అట్లు భావింపలేదు.

అట్లు భావింపని వ్యక్తి మరొకరు జపాను దేశమున ఉన్నారు. ఆయన పేరు షిగేరు బాన్. ఆయన కాగితముతో కట్టినవి చేటలు కావు, ఇండ్లు. ఇండ్లే కాదు, బడులు కట్టిరి, ప్రార్థనామందిరములు కట్టిరి. వాస్తుశిల్పులకు ప్రపంచమున అత్యున్నతమని పేరొందిన ప్రిట్జ్‌కర్ బహుమానము 2014లో వారికి లభించినది. ఆ గౌరవమునకు కారణము కాగితమను వింత వస్తువు మాత్రమే కాదు. ఆ కాగితపు ఇండ్లలో ఎవరు తలదాచుకొనిరో తెలిసిననే ఆ శిల్పి గొప్పతనము మనకు బోధపడును. కొల్లేటి నీటి అంచున, ఏటేట తుపాను వార్తల కొరకు చెవియొగ్గి యుండు మనవంటివారికి ఆ సంగతి మరింత దగ్గర.

బాన్ గారు 1957 ఆగస్టు 5వ తేదీన టోక్యో నగరమున జన్మించిరి. తల్లి దుస్తుల రూపకల్పన వృత్తిగా గలవారు. బాల్యమున వారి ఇంటి మరమ్మతులకు వచ్చిన వడ్రంగుల పనిని చూచుచు, వారు పారవైచిన చెక్కముక్కలు ఏరి ఏవేవో కట్టుచుండెడివారట. పెద్దయిన పిమ్మట వడ్రంగి కావలెనని ఆ బాలుని కోరిక. ఆ కోరికయే కొంత రూపు మార్చుకొని వారిని అమెరికాకు తీసికొని పోయినది. కాలిఫోర్నియాలోను, న్యూయార్కులోని కూపర్ యూనియన్ విద్యాలయములోను చదివి, 1984లో పట్టము పుచ్చుకొని, మరుసటి ఏడు టోక్యోలో స్వంత కార్యాలయము తెరచిరి.

1986లో ఫిన్లండు దేశపు మహాశిల్పి ఆల్వార్ ఆల్టో కృతుల ప్రదర్శన ఒకటి టోక్యోలో జరిగినది. ఆ ప్రదర్శనశాలను తీర్చు పని బాన్ గారిది. ఆల్టోకు ప్రియమైనది కలప. కాని కొలది వారములు నిలుచు ప్రదర్శనకు కలప కొని, పిదప పారవేయుట వారికి మనస్కరింపలేదు. కార్యాలయములో చుట్టకాగితములు అయిపోయిన తరువాత మిగిలిన అట్ట గొట్టములు మూలగా పడియున్నవి. వాని మీద వారి చూపు పడినది.

మనకును ఆ గొట్టములు కొత్తవి కావు. ఏలూరు బట్టల దుకాణములో గుడ్డ తాను చుట్టియుండునే, ఆ లోపలి అట్ట గొట్టమే ఇది. కాగితపు పట్టీలను జిగురుతో ఒకదాని మీద నొకటి మెలికగా చుట్టుకొని పోయినచో ఎంత పొడవైనను, ఎంత లావైనను, ఎంత మందమైనను గొట్టము తయారగును. బల్లపరుపుగా నున్న కాగితము వంగిపోవును. అదే గుండ్రముగ చుట్టిన బరువు మోయును. వెదురు బోలుగా నుండియు నిలుచుట లేదా? కొల్లేటిలోని తామర తూడు బోలుగా నుండియు అంత పువ్వును నీటిపై ఎత్తి పట్టుట లేదా? సృష్టిలో నున్న ఆ సూత్రమే అట్ట గొట్టములోను ఉన్నది. దానిని ప్రయోగశాలలలో ఒత్తి, వంచి, తడిపి చూచి, ఇది ఇంటి స్తంభమునకు పనికివచ్చునని బాన్ గారు నిరూపించిరి. తేమ తగులకుండ పైన పూత పూయవచ్చును. నిప్పు అంటకుండ మందు పట్టింపవచ్చును. యమనకా సరస్సు చెంత 1995లో పూర్తియైన ఒక ఇంటిలో 110 కాగితపు గొట్టములు పాము మెలిక వలె వరుసగా నిలిచి ఇంటికి గోడయు స్తంభములును తామే అయినవి. కాగితపు కట్టడమును శాశ్వత నివాసముగా ప్రభుత్వ నిబంధనలు అంగీకరించుటకు ఆ ఇల్లు ద్వారము తెరచినది.

ఇంతవరకు ఇది ఒక తెలివిగల శిల్పి కథ. ఇక్కడ నుండి అది ఒక మనిషి కథ.

వాస్తుశిల్పమను విద్య తొలి నుండి రాజులను, దేవాలయములను, ధనికులను ఆశ్రయించియే బ్రతికినది. ధనమును, అధికారమును కంటికి కనబడునట్లు నిలబెట్టి చూపుటకు శిల్పి కావలసి వచ్చెను. పూరిగుడిసె వానికి శిల్పి ఎందులకు? బాన్ గారికి ఈ సంగతి మనసున ముల్లు వలె గుచ్చుకొనినది. భూకంపము తానై మనుష్యుని చంపదు, కూలిన కట్టడము చంపును. కావున ఆ పాపములో కట్టడములు కట్టువారికి పాలు కలదని వారి వాదము. మరి నగరము తిరిగి లేచునప్పుడు శిల్పులకు కొత్త పనులు దొరకును గాని, ఆ నడుమ కాలమున నీడలేక అలమటించువారి వద్దకు శిల్పి ఏల పోరాదు? ఇది వారి ప్రశ్న.

1994లో ఆఫ్రికాలోని రువాండా దేశమున ఘోరమైన అంతఃకలహము చెలరేగి, 20 లక్షలకు పైగా జనము ఇల్లు విడిచి పరుగులెత్తిరి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ వారికి కప్పుకొనుటకు ప్లాస్టిక్ గుడ్డలు ఇచ్చినది. గుడ్డను నిలబెట్టుటకు కర్రలు కావలెను గదా! జనము చుట్టుపట్ల చెట్లు నరికిరి. లక్షల మంది నరికినప్పుడు కొండలకు కొండలే బోడియైనవి. చెట్లకు బదులుగా అల్యూమినియము గొట్టములు పంచగా, ఆకలిగొన్నవారు వానిని అమ్ముకొని మరల చెట్లనే నరికిరి. వారిని తప్పుపట్టుటకు మనమెవరము? బాన్ గారు పత్రికలో ఆ శిబిరముల ఛాయాచిత్రములు చూచి, స్వయముగా జెనీవాకు పోయి, కాగితపు గొట్టములు వాడి చూడుడని చెప్పిరి. బజారులో అమ్ముడుపోనంత చౌకదనమే దాని సుగుణము. 1999లో రువాండా శిబిరమున 50 గుడారములు ఆ విధముగా కట్టి పరీక్షించిరి.

ఇంతలో వారి స్వదేశమునకే కష్టము వచ్చినది. 1995 జనవరి 17వ తేదీ తెల్లవారుజామున కోబే నగరమును భూకంపము కుదిపివేసి 6,400 మందికి పైగా పొట్టన పెట్టుకొనినది. ఆ నగరములోని తకతోరి అను పేటలో వియత్నాము నుండి వచ్చి స్థిరపడిన పేద కుటుంబములు ఉండెడివి. వారి చర్చి మంటలలో దగ్ధమైనది. వారి ఇండ్లు కూలినవి. ప్రభుత్వము కట్టిన తాత్కాలిక గృహములు దూరమున నుండుటచే, పని చోటును విడువలేక వారు ఉద్యానవనములలో కారుచున్న గుడ్డ కప్పుల క్రింద కాలము గడుపుచుండిరి. బాన్ గారు అచటికి పోయి, కాగితముతో చర్చి కట్టెదననగా, అక్కడి మతగురువు విస్తుపోయెను. ఒకసారి కాలిన చోట కాగితమా! శిల్పి నిరుత్సాహపడలేదు. ప్రతి వారము టోక్యో నుండి రైలెక్కి ఆదివారపు ప్రార్థనకు వచ్చి కూర్చుండిరి. క్రమముగా ఆ జనముతో పరిచయము కలిగి, మొదట వారికి ఇండ్లు కట్టిరి.

ఆ ఇంటి నిర్మాణము వినుడు. పునాదికి బీరు సీసాలు మోయు ప్లాస్టిక్ పెట్టెలు. వానిలో ఇసుక బస్తాలు నింపి వరుసగా పేర్చిరి. గోడలకు 106 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 4 మిల్లీమీటర్ల మందము గల కాగితపు గొట్టములను ప్రక్క ప్రక్కన నిలిపిరి. కప్పునకు గుడారపు గుడ్డ. యంత్రములు లేవు, మేస్త్రీలు లేరు. విద్యార్థులు, ఆ ఇంట ఉండబోవు వారును చేయి చేయి కలిపి కట్టిరి. పని తీరిన తరువాత ఇంటిని విప్పి గొట్టములను మరల కాగితపు గుజ్జు చేయవచ్చును. ఉపద్రవము వచ్చినప్పుడు ఇటుక, సిమెంటు, కలప వెలలు ఆకాశమున కెక్కుట మన మెరిగినదే. అట్ట గొట్టములు చేయువాడు ఇండ్ల సామాను వర్తకుడు కాడు గనుక వాని వెల పెరుగదు. ఈ చిన్న కిటుకులో ఎంత లోకజ్ఞాన మున్నదో చూడుడు.

తరువాత చర్చియు లేచినది. 5 మీటర్ల ఎత్తు గల 58 కాగితపు స్తంభములు అండాకారముగా నిలిచినవి. 160 మంది స్వచ్ఛంద సేవకులు 5 వారములలో దానిని ముగించిరి. కొలది కాలమునకై కట్టిన ఆ మందిరము 10 ఏండ్లు నిలిచి, ప్రార్థనకే గాక ఆ పేట వారందరి కూటములకు నెలవైనది. 2005లో దానిని జాగ్రత్తగా విప్పి, 1999 భూకంపమున దెబ్బతిన్న తైవానుకు పంపిరి. అక్కడ తావోమి అను పల్లెలో 2008లో అది మరల నిలిచినది. ఒక కష్టము పడిన ఊరు మరియొక కష్టము పడిన ఊరికి తన గుడిని కానుకగా పంపినదన్న మాట.

2001 జనవరి 26వ తేదీన, మనము గణతంత్ర దినోత్సవము జరుపుకొనుచున్న ఉదయమున, గుజరాతులోని భుజ్ ప్రాంతము నేలమట్టమైనది. బాన్ గారు, వారి సహచరులు అక్కడికిని వచ్చిరి. కోబేలో వాడిన బీరు పెట్టెలు అచట దొరకలేదు. మద్యనిషేధము గల రాష్ట్రమున బీరు పెట్టెలెట్లు దొరకును! అందుచే కూలిన ఇండ్ల రాళ్లు, ఇటుక ముక్కలనే పునాదిగా పరచి, పైన అచటి ఆచారము ప్రకారము మట్టితో అలికిన నేల వేసిరి. గోడలకు కాగితపు గొట్టములు. కప్పునకు చీల్చిన వెదురు బద్దలను విల్లు వలె వంచి, వాని మీద అచట అల్లిన చాపలు పరచి, రెండు చాపల నడుమ ప్లాస్టిక్ పట్టా పెట్టిరి. ఇంటి ముందు వెనుకల త్రికోణపు భాగమున చాపల సందులలో నుండి గాలి ఆడును. అందుచే లోపల వంట చేసుకొనవచ్చును. ఆ పొగ దోమలను తోలును. ఈ సంగతి నాకు మిక్కిలి నచ్చినది. దోమతో, పొగతో, పొయ్యితో ఆడువారు పడు అవస్థను గమనించిన శిల్పి ఎందరు?

2004 డిసెంబరు 26వ తేదీ సునామీ మన తీరమునకును దుఃఖము తెచ్చినది. ఆ సునామీలో దెబ్బతిన్న శ్రీలంకలోని కిరింద అను జాలరి పల్లెలో బాన్ గారు ఇండ్లు కట్టినప్పుడు కాగితమును వాడనే లేదు. ఒత్తి చేసిన మట్టి ఇటుకలు, అచట విరివిగా దొరకు రబ్బరు చెట్టు కలప వాడిరి. ఇంటి నడుమ కప్పు గల ఆరుబయలు విడిచిరి. భోజనమునకు, వలలు బాగుచేసుకొనుటకు జాలరికి అట్టి చోటు కావలెను గదా. 2015లో నేపాళ భూకంపము తరువాత కలప చట్రములు చేసి, వానిలో కూలిన ఇండ్ల ఇటుకలనే నింపు పద్ధతి సూచించిరి. దీని వలన మనకు తెలియున దేమి? ఆయన దృష్టి కాగితము మీద లేదు. ఆ ఊరిలో ఏది దొరకును, ఆ జనమునకు ఏది అలవాటు, వారి చేతులకు ఏ పని వచ్చును అన్న దాని మీద ఉన్నది.

ఇక్కడ నా స్వంత జ్ఞాపక మొకటి చెప్పుకొందును. 1990 మే నెల తుపాను నాటి రాత్రి మా వైపు తాటాకు ఇండ్లవారెందరో ఊరి బడిలో చేరిరి. ఒకే గదిలో నలుబది కుటుంబములు. వాన, గాలి, చీకటి, ఏడ్చు పసివాండ్రు. అన్నము వచ్చినది, కిరోసిను దీపము వచ్చినది. ఎవరును ఎవరికిని లోటు చేయలేదు. కాని ఒక మూల పది దినముల పసికందుతో ఒక బాలింత గోడవైపు తిరిగి కూర్చుండెను. అంత జనములో బిడ్డకు పాలియ్యలేక, తడిసిన చీర మార్చుకొనలేక ఆ తల్లి పడిన సంకటమును మగవారము మేము చూడనే లేదు. మా నాయనమ్మ చూచినది. రెండు కిటికీ ఊచలకు కొబ్బరి తాడు బిగించి, తన దుప్పటిని దాని మీద వ్రేలాడవైచినది. అంతే. ఆ దుప్పటి వెనుక ఆ రాత్రి ఎందరు స్త్రీలు వంతులవారీగా పోయి వచ్చిరో లెక్క లేదు. తెల్లవారుసరికి ఆ గదిలో అన్నిటికంటె విలువగల వస్తువు ఆ దుప్పటియే అయినది.

2011 మార్చి 11వ తేదీన జపాను ఈశాన్య తీరమును భూకంపము, సముద్రపు పొంగు ఒక్కసారి ముంచినప్పుడు లక్షల మంది బడుల వ్యాయామశాలలలో తలదాచుకొనిరి. అచటను ఇదే కథ. నెలల తరబడి ఒకే కప్పు క్రింద, అందరి కన్నుల యెదుట బ్రతుకు. బాన్ గారు కాగితపు గొట్టములను నిలువుగాను, అడ్డముగాను కూర్చి, మేకు లేకుండ చట్రము నిలిపి, దానికి తెల్లని నూలు గుడ్డ తెరలు కట్టిరి. ప్రతి కుటుంబమునకు ఒక చిన్న గది. తెర తీసిన అందరితో కలిసి యుందురు, వేసిన తమ లోకమున తామందురు. తొలుత కొందరు అధికారులు ఒప్పుకొనలేదు. తెరలు లేకున్న పర్యవేక్షణ సులభమని వారి తలపు. బాన్ గారు, వారి విద్యార్థులు వాహనములో సామగ్రి నింపుకొని శిబిరము శిబిరమునకు పోయి కట్టి చూపిరి. చూచినవారు ఒప్పుకొనిరి. అట్లు సుమారు 50 శిబిరములలో 1,800కు పైగా గదులు వెలసినవి. 2022లో యుక్రెయిను యుద్ధము వలన ఇండ్లు వీడినవారికి పోలండు దేశమున ఈ తెరలే అక్కరకు వచ్చినవి. మా నాయనమ్మ దుప్పటి అంత దూరము ప్రయాణము చేసినదని నాకు తోచును.

ఆ సముద్రపు పొంగులోనే ఒనగావా అను చేపల రేవు పట్టణము తుడిచిపెట్టుకొని పోయినది. కొండలకు, కడలికి నడుమ నున్న ఆ ఊరిలో ఇండ్లు వేయుటకు చదునైన నేల లేదు. మిగిలిన దొక్క ఆటస్థలము. బాన్ గారు ఓడలలో సరకు వేయు ఇనుప పెట్టెలను తెచ్చి, చదరంగపు గళ్ల వలె ఒక పెట్టె, ఒక ఖాళీ వచ్చునట్లు మూడంతస్తుల వరకు పేర్చిరి. పెట్టెలో పడకగది, స్నానగది. ఖాళీలో గాలి వెలుతురు గల కూడము. తాత్కాలికమని కట్టిన ఆ ఇండ్లను విడిచిపోవుటకు మనసు రాలేదని అందున్నవారు పలువురు చెప్పిరి.

ఇట్లు పేదల పని చేయు శిల్పి ఇతర నిర్మాణములు చేయలేదని తలపవలదు. 2000లో జర్మనీలోని హానోవరు నగరమున ప్రపంచ ప్రదర్శనకు జపాను మంటపమును, ఫ్రై ఒట్టో అను జర్మను మహాశిల్పి సహాయముతో, కాగితపు గొట్టములను జాలి వలె అల్లి సుమారు 72 మీటర్ల పొడవున కట్టిరి. ప్రదర్శన ముగిసిన తరువాత ఆ మంటపము చెత్తకుప్ప కాకూడదని, తిరిగి కాగితము కావలెనని తొలి నాడే నిశ్చయించుకొని కట్టుట దాని విశేషము. 2010లో ఫ్రాన్సులోని మెట్జ్ నగరమున తెరచిన పాంపిడూ కళాభవనపు కప్పు, చైనా రైతులు ధరించు అల్లిక టోపీ చూచి స్ఫురించినది. మన వరిచేలలో ఊడ్పుల వేళ కూలీలు తలపై వేసికొను తాటాకు గొడుగును ఎరిగినవారికి ఆ కప్పు అందము వేరుగ చెప్పనక్కరలేదు. స్విట్జర్లండులోని జూరిచ్ నగరమున 2013లో పూర్తియైన ఏడంతస్తుల కార్యాలయమున దూలములను ఇనుప మేకులతో గాక, మన పాత మండువా లోగిళ్ల వడ్రంగులు చేసినట్లు కలపలోనికి కలప దూర్చి బిగించిరి. ధనికుల పనిలో వచ్చిన అనుభవము పేదల పనికి, పేదల పనిలో నేర్చిన పొదుపు ధనికుల పనికి ఉపకరించినది.

న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరమున 2011 ఫిబ్రవరి 22వ తేదీ భూకంపమున 185 మంది మరణించిరి. అచటి ప్రాచీనమైన రాతి చర్చి పాడుపడినది. దానికి బదులుగా బాన్ గారు ప్రతిఫలము పుచ్చుకొనక రూపొందించిన కాగితపు గొట్టముల చర్చి 2013 ఆగస్టులో తెరవబడినది. అందు 700 మంది కూర్చుండవచ్చును. రాయి కూలినది, కాగితము నిలిచినది. తాత్కాలికము, శాశ్వతము అను మాటలకు బాన్ గారు చెప్పు అర్థము ఇచట స్మరింపదగినది. లాభము కొరకు కట్టినది కాంక్రీటుదైనను నేడో రేపో మరియొకడు వచ్చి పడగొట్టును గనుక అది తాత్కాలికమే. కాగితముతో కట్టినదైనను జనము ప్రేమించినచో అది శాశ్వతము. తకతోరి మందిరము సముద్రము దాటి బ్రతికి ఈ మాటకు సాక్ష్యము పలికినది.

జపాను నిర్మాణకళతో తెలుగునేలకు చుట్టరికము లేకపోలేదు. పుదుచ్చేరి అరవిందాశ్రమమున గోల్కొండ అను పేరు గల వసతిగృహ మొకటి కలదు. టోక్యోలో స్థిరపడిన ఆంటొనిన్ రేమండ్ అను శిల్పి దానిని 1930వ దశకమున రూపొందింపగా, జపాను సంతతికి చెందిన జార్జి నకషిమా దగ్గరుండి కట్టించెను. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాము ప్రభుత్వ ధనము దానికి చేరినది. ఆ కృతజ్ఞతయే దాని పేరు. గాలి సోకి చల్లగ నుండునట్లు గోడల స్థానమున కదలు పలకలు అమర్చిన ఇల్లు అది. మన కాలమున హైదరాబాదు చెంత కందిలోని సాంకేతిక విద్యాలయపు ప్రాంగణ నిర్మాణమునకు జపాను సహాయము అందినది.

ఇక మన సంగతి. కృష్ణా గోదావరుల నడుమ పళ్లెము వంటిది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చు నీరంతయు దానిలో చేరి, ఒక్క ఉప్పుటేటి గుండ సముద్రమునకు పోవలెను. 2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు తరువాత కొల్లేటి లంకలను చుట్టుముట్టుట మనము చూచితిమి. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనలో 10 వేల మందికి పైగా పోయిన నాటి నుండి నేటికి ముందు హెచ్చరికలు మెరుగైనవి, తీరమున పక్కా ఆశ్రయములు లేచినవి, ప్రాణనష్టము తగ్గినది. ఇది సామాన్యమైన విషయము కాదు. కాని ప్రాణము నిలిచిన తరువాత మానము నిలుపవలసిన పది దినములు, నెల దినములు ఉన్నవే, వాని కొరకు మనము ముందుగా ఏమి ఆలోచించితిమి?

బాన్ గారి కాగితపు ఇంటిని అట్లే తెచ్చి కొల్లేటి గట్టున నిలుపవలెనని నా అభిప్రాయము కాదు. మన గాలిలోని తేమ, మన నేలలోని చెదలు కాగితమునకు పరమ శత్రువులు. ఆయనయే ఇచటికి వచ్చినచో కాగితమును ప్రక్కకు పెట్టి చుట్టును చూచెదరేమో. చూచిన ఏమి కనబడును? వెదురు, సరుగుడు వాసములు, తాటాకు, తుంగచాపలు. బీరు పెట్టెలకు బదులు ఆకివీడు, కైకలూరు ప్రాంతములలో మంచు వేసి చేపలు నింపు ప్లాస్టిక్ ట్రేలు గుట్టలు గుట్టలుగా. ఇసుక నింపి పేర్చిన అవియే తడి నేలపై అరుగు కావా? మొగము చూచుకొన తగిన ఒక తెర, నాలుగు వాసములు, కొంత తాడు ప్రతి బడిలో ముందే కట్టకట్టి అటక మీద పెట్టి యుంచుటకు ఎంత వ్యయము? రాజమహేంద్రవరమున కాగితపు మిల్లు కలదు. తెరల చట్రములకు అట్ట గొట్టములే కావలెనన్నను అవి మనకు దూరము కావు. బడి లోపల, కప్పు క్రింద, కొలది దినములకు కాగితమునకు భయము లేదు.

మన పెద్దలును ఈ విద్య ఎరుగనివారు కారు. తీరప్రాంతపు చుట్టిండ్లను చూడుడు. గాలికి మూల దొరకకుండ గుండ్రని గోడ, చూరు నేలకు వంగిన తాటాకు కప్పు. తుపానుకు ఎదురు నిలువక తలవంచి దానిని దాటించు ఉపాయ మది. తాటిచెట్టును తొలిచి దోనె చేసి కొల్లేటిని ఏలినవారు మనవారు. వారి నేర్పును మోటుదని త్రోసివేయక, చదువుకొన్న ఇంజనీర్లు వారి చెంత కూర్చుండి, రెండు తెలివితేటలను జతపరచిన నాడు మన లంకలకు తగిన ఇల్లు మనమే కట్టుకొనగలము. సమీపమున ఇంజనీరింగు కళాశాలలు ఉన్నవి. అందలి విద్యార్థులు పది మంది ఒక వేసవి ఈ పని చేపట్టినను చాలును. కోబేలో కట్టినది విద్యార్థులే.

తుపాను సంచారవార్త రేడియోలో వినుచున్నప్పుడు మనము గాలి వేగము వినెదము, తీరము దాటు చోటు వినెదము. ఇకమీదట మరి యొకటి కూడ తలచుకొందము. ఆ రాత్రి బడి గదిలో మూల కూర్చుండబోవు బాలింతకు తెర ఎవరు కట్టెదరు? 1990లో మా నాయనమ్మ కట్టినది. ఆమె గతించినది. ఆ దుప్పటి కూడ ఎన్నడో చినిగినది. తాడు కట్టిన ఆ కిటికీ ఊచలు మాత్రము మా బడిలో నేటికిని ఉన్నవి.